ఆ పద్యం ఏ ప్రతిలోది? తెలుగు విశ్వవిద్యాలయం ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

ఆచార్య వెలుదండ నిత్యానందరావు గారికి,
ఉపకులపతి, సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం.



2025లో తెలంగాణ శాసనసభ మీ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు పెట్టింది. ఆ మార్పు చుట్టూ నడిచిన రాజకీయం జోలికి నేను పోను. నాకు తగిలిన చిక్కు చాలా చిన్నది, ప్రూఫులు దిద్దుకుని బతికేవాడికే తగిలే రకం. 1985 డిసెంబరు 2న నాంపల్లిలో మొదలైనప్పుడు మీ సంస్థ పేరు ఉత్త తెలుగు విశ్వవిద్యాలయం. తర్వాత పొట్టి శ్రీరాములు గారి పేరు చేరింది. ఇప్పుడు మూడో పేరు. తొలి రోజుల్లో అక్కడ సమర్పించిన సిద్ధాంత గ్రంథాన్ని ఇవాళ ఒక విద్యార్థి తన ఉపయుక్త గ్రంథసూచిలో చేర్చాలంటే ఏ పేరు రాయాలి? తెలిసినవాళ్ళని అడిగి చూశాను. ఇప్పుడున్న పేరే రాయాలి, లేకపోతే గొడవ అన్నారొకరు. మూడు పేర్లూ రాసి మధ్యలో అడ్డగీతలు పెట్టమన్నారు ఇంకొకరు. మరొకాయన ‘తె.వి. అని రాసి పారెయ్యండి, ఎవరు చూడొచ్చారు’ అని నవ్వేశారు.

ఆ గ్రంథం ముఖపత్రం మీద ఏ పేరుందో అదే రాయాలి. వెతుక్కుంటూ వెళ్ళినవాడి కంటికి కనబడేది అదే కదా. ఇంత సులువైన సంగతికి కూడా ‘ఇదిగో, ఇలా రాయి’ అని చూపించడానికి అందరూ ఒప్పుకున్న ఒక పుస్తకం విద్యార్థుల చేతుల్లో నాకు కనబడటం లేదు. అటువంటిది ఒకటి మీ విశ్వవిద్యాలయం వెయ్యాలని అడగడానికే ఈ ఉత్తరం. విద్యాశాఖకో, యూజీసీకో రాయకుండా మీకే రాయడానికి కారణం ఉంది. విశ్వవిద్యాలయాల్లో జరిగిన తెలుగు పరిశోధనల పట్టికను పుస్తకంగా కూర్చినవారు మీరు. తప్పు పడిన ఒక ఇంటిపేరు, ఎగిరిపోయిన ఒక సంవత్సరం ఎన్ని మధ్యాహ్నాలు తినేస్తాయో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇంకో కారణం సురవరం వారే. ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ 1949లో వచ్చింది. 1955లో తెలుగుకి మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం తెచ్చింది. అందరికీ ఈ రెండూ తెలుసు. ఆ పుస్తకంలో ప్రకరణాలు ముగిసేచోట ‘ముఖ్యాధారములు’ అంటూ ఆయన ఇచ్చుకున్న జాబితాల దగ్గర ఆగేవాళ్ళు మాత్రం తక్కువ. పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పండితారాధ్య చరిత్ర, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద, శుకసప్తతి, హంసవింశతి... ఇలా తను దేన్ని ఆధారం చేసుకున్నారో పాఠకుడి ముందు పరిచిపెడతారు. రాజుల చరిత్ర రాసేవాడికి శాసనాలున్నాయి, దానపత్రాలున్నాయి. జనం ఏం తిన్నారు, ఏ పందేలు కాశారు, పెళ్ళిళ్ళలో ఏం చేశారు, సంతలో ఏం కొన్నారు అన్నదానికి శాసనం ఎవరు వేయిస్తారు? అందుకని ఆయన కావ్యాలనే సాక్షులుగా పిలిచారు. సాక్షిని పిలిచినప్పుడు పేరు, ఊరు అడగాలి కాబట్టి కావ్యం పేరు, ఆశ్వాసం, పద్యం చెప్పుకుంటూ వెళ్ళారు. ఫలానా ఆట గురించి నిఘంటువులు ‘ఒకానొక క్రీడ’ అని రాసి చేతులు దులుపుకున్నచోట ఆయన ఊరుకోలేదు. ఆ మాట వాడిన కవి దగ్గరికి తిరిగి వెళ్ళారు, ఊళ్ళో ఆడేవాళ్ళని తలుచుకున్నారు.

అంతకు ముందు సంగతి కూడా మీకు తెలిసిందే. తెలంగాణలో కవులే లేరని ఒక మాట వచ్చినప్పుడు గోలకొండ పత్రిక సంపాదకుడిగా ఆయన ఎదురు వ్యాసం రాసి ఊరుకోవచ్చు. అలా ఊరుకోకుండా 354 మంది కవుల్ని పోగుచేసి 1934లో గోలకొండ కవుల సంచిక తీశారు. వాదం గెలవడానికి ఆయన ఎంచుకున్న దారి ఆధారం చూపించడం. అటువంటి మనిషి పేరు గుమ్మం మీద రాసుకున్న విశ్వవిద్యాలయం ఆధారాలు చూపే పద్ధతికి పూచీ పడకపోతే ఇంకెవరు పడతారు?

ఈ అలవాటు మనకి పడమటి నుంచి వచ్చిందనుకునేవాళ్ళున్నారు. కాళిదాసుకి వ్యాఖ్యానం రాసిన మల్లినాథసూరిది మెదక్ దగ్గరి కొల్చారం. ఆధారం లేనిది ఒక్క ముక్క రాయను, అక్కర్లేనిది ఒక్క ముక్క చెప్పను అని మొదట్లోనే ప్రతిజ్ఞ పట్టి మరీ మొదలుపెట్టాడాయన. మాటకి అర్థం చెప్పాక ‘ఇత్యమరః’, ‘ఇతి విశ్వః’ అని ఏ నిఘంటువో చెప్పకుండా ముందుకి కదలడు. బహుజనపల్లి సీతారామాచార్యులు గారు 1885లో శబ్దరత్నాకరం తెచ్చినప్పుడు కూడా ప్రయోగం పక్కన కావ్యం పేరుని పొట్టి అక్షరాల్లో చూపించారు. సూర్యరాయాంధ్ర నిఘంటువు ఆ పద్ధతినే ఇంకా విస్తరించింది. మరి ఇంత పాత అలవాటు మన పీహెచ్‌డీ గ్రంథాల చివరి పుటలకి వచ్చేసరికి ఎక్కడ జారిపోయింది?

నాకు తోచినంతలో, పేర్ల దగ్గర మొదలైంది. ఆంగ్లంలో రాసేవాళ్ళకి ఒక నియమం ఉంది: సూచిలో ఇంటిపేరు ముందుకి తెచ్చి, కామా పెట్టి, అసలు పేరు వెనక్కి నెట్టాలి. జాన్ స్మిత్‌ని స్మిత్, జాన్ చెయ్యడానికి పుట్టిన నియమం అది. మన పేర్లలో ఇంటిపేరు ముందే ఉంటుంది. ఎంఎల్‌ఏ పద్ధతో, ఏపీఏ పద్ధతో (రెండూ ఆంగ్ల పరిశోధన రచనకి వాడే నియమావళులు) చూసి రాయమని పర్యవేక్షకులు చెప్పగానే విద్యార్థి అక్కడ తిప్పమన్నారని ఇక్కడా తిప్పేస్తాడు. ‘ప్రతాపరెడ్డి, సురవరం’ తయారవుతుంది. పక్కనే ఇంకో పుస్తకానికి తిప్పడం మరిచిపోతాడు, అది ‘సురవరం ప్రతాపరెడ్డి’గా ఉండిపోతుంది. ఒకే మనిషి సూచిలో ప దగ్గర ఒకసారి, స దగ్గర ఒకసారి కనబడతాడు. ఆంగ్లంలో రాసిన గ్రంథమైతే ఇంకా వింత. కంప్యూటరు చివరి మాటనే ఇంటిపేరనుకుంటుంది కాబట్టి ‘రెడ్డి, ఎస్.పి.’ అవుతాడు. అలాంటి సూచిలో రావులు ఒక పుటన్నర, శాస్త్రులు అర పుట, శర్మలు, మూర్తులు తలా పావు పుట. ఎవరు ఎవరో ఆ దేవుడికే తెలియాలి.

మీ విశ్వవిద్యాలయానికే ఒకప్పుడు ఉపకులపతిగా ఉన్న సి. నారాయణరెడ్డి గారి ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ లేని గ్రంథసూచి ఆధునిక కవిత్వం మీద రాసినవాటిలో దాదాపు ఉండదు. అది స దగ్గర వెతకాలా, న దగ్గర వెతకాలా, ర దగ్గర వెతకాలా అన్నది మాత్రం సూచి రాసినవారి చిత్తం. ‘డా.’ అని మొదలుపెట్టి డ దగ్గర చేర్చినవారిని కూడా చూశాను. ఇదొక ముచ్చట. మనం పెద్దల పట్ల గౌరవం అకారాది క్రమంలో కూడా వదలం. ఆచార్య, శ్రీ, శ్రీమతి, కవిసామ్రాట్, మహాకవి అన్నీ అక్షరక్రమంలో నిలబడతాయి. ఆచార్యులందరూ ఒకచోట, శ్రీమతులందరూ ఒకచోట. ఈ గౌరవం గ్రంథం ముందుమాటలో చూపిస్తే చాలని ఎవరైనా పెద్దవారు, అంటే మీలాంటివారు, చెప్తేనే చెల్లుతుంది. నాలాంటివాడు ప్రూఫులో కొట్టేస్తే ‘మా సార్ పేరు ముందు ఆచార్య తీసేశారేమిటండీ’ అని ఫోన్ వస్తుంది.

కలం పేర్లది ఇంకో లోకం. శ్రీశ్రీని శ్రీరంగం శ్రీనివాసరావు కింద వెతికేవాడు లేడు. ఆరుద్రని భాగవతుల శంకరశాస్త్రి కింద పెడితే ఆయన పాఠకులే గుర్తుపట్టరు. జనం ఎరిగిన పేరు కిందే ఉంచాలి, అసలు పేరు దగ్గర ‘ఫలానా చోట చూడండి’ అని ఒక గీత రాస్తే చాలు. కానీ ‘దాశరథి’ అని మాత్రం రాసి వదిలితే కుదరదు. కృష్ణమాచార్యా, రంగాచార్యా? అన్నదమ్ములిద్దరూ రాశారు, ఇద్దరూ పెద్ద రచయితలే.

ఇక పద్యాలకి వస్తాను. ఈ ఉత్తరంలో నాకు ముఖ్యమైన సంగతి ఇదే.

భారతంలోంచి ఒక పద్యం ఇస్తారు. కింద ‘ఆంధ్ర మహాభారతం, పుట 312’ అని ఉంటుంది. ఏ ముద్రణలో 312? వావిళ్ళ వారిదా, తిరుమల తిరుపతి దేవస్థానం వారిదా, సాహిత్య అకాడమీ వారిదా? పుట సంఖ్య ఆ ఒక్క ప్రతికే చెల్లుతుంది. ‘ఉద్యోగపర్వం, మూడో ఆశ్వాసం, ఫలానా పద్యం’ అని రాస్తే ఏ ఇంట్లో ఏ ప్రతి ఉన్నా దొరుకుతుంది, ఒకటి రెండు సంఖ్యలు అటూఇటూ అయినా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఆశ్వాసం, పద్యసంఖ్య అన్నవి మన కావ్యాల నిర్మాణంలోనే ఉన్నాయి. తయారుగా ఉన్న ఈ సౌకర్యాన్ని వదిలేసి పుట సంఖ్యల వెంట పడ్డాం, ఎందుకంటే మనం నమూనాగా తీసుకున్న పద్ధతి పుట సంఖ్య అడుగుతుంది. ఆ పద్ధతిలోనే నాటకాలకి అంకం, రంగం, పంక్తి చెప్పమని ఉంది. అంతవరకు చదివినవారు తక్కువ.

శతకాలకి వస్తే ఈ మందూ పనిచెయ్యదు. వాటికి ఆశ్వాసాలు లేవు. సంఖ్య ఒక్కటే. ఆ సంఖ్య పరిష్కర్త చేతిలో ఉంటుంది. సి.పి. బ్రౌన్ 1829లో వేసిన వేమన ప్రతిలో 693 పద్యాలు, 1839లో వేసినదాంట్లో 1164. ఒకే మనిషి పదేళ్ళ తేడాతో వేసిన రెండు ప్రతులకే ఇంత తేడా ఉంటే, ఆ తర్వాత వచ్చిన లెక్కలేనన్ని వేమనల సంగతి ఏం చెప్పాలి? ‘వేమన, 214’ అని రాయడమంటే కవరు మీద ఇంటి నంబరు, వీధి పేరు లేకుండా ఉత్తినే నాంపల్లి అని రాసి ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వెయ్యడమే. ఎవరు కూర్చిన వేమన, ఏ సంవత్సరం, ఏ సంఖ్య. ఈ మూడూ ఉండాలి. వేమన మీద పరిశోధన అయితే పద్యం ఎత్తుగడ కూడా సూచికలో ఇవ్వాలని నా అభిప్రాయం. పాఠాంతరాలు అక్కడే బయటపడతాయి.

వచన గ్రంథాలకీ ముద్రణ గొడవ తప్పదు. ఆరుద్ర గారి ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ మొదట 12 సంపుటాలుగా వచ్చింది. తర్వాత వేరే ప్రచురణకర్తలు వేరే రకంగా కలిపి, విడదీసి వేశారు. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం, రెండో సంపుటి, పుట 80’ అంటే ఒక్కో అలమారలో ఒక్కో యుగం తగులుతుంది. ఇక్కడ ప్రచురణకర్తలకి కూడా ఒక మాట. తిరిగి అచ్చు వేసినప్పుడు ముఖపత్రం వెనక ‘మొదటి ముద్రణ’ అని కొత్త సంవత్సరం వేసుకోవడం మానాలి. 1949 నాటి పుస్తకం విద్యార్థి సూచిలో నిన్నగాక మొన్న వచ్చినట్టు కనబడుతుంది. దాన్ని చూసి 1970లో రాసిన ఆయన్ని 1949లో రాసిన ఆయన కాపీ కొట్టాడని తేల్చినా తేలుస్తారు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునేవాళ్ళకి సంవత్సరాల సంగతి బాగా తెలుసు. కొన్నింటికి ముఖపత్రమే ఉండదు, చెద తినేసి ఉంటుంది. ఉన్నవాటిమీద కొన్నిసార్లు ‘రుధిరోద్గారి’, ‘విరోధి’ అని ఉంటుంది. అరవయ్యేళ్ళకోసారి తిరిగొచ్చే పేరు అది. భారతి మాసపత్రిక మొదటి సంచిక 1924 జనవరిది, అప్పుడు నడుస్తున్నది రుధిరోద్గారి. 1983లో మళ్ళీ రుధిరోద్గారి వచ్చింది, అప్పటికీ భారతి నడుస్తూనే ఉంది! ఉత్త ‘భారతి, రుధిరోద్గారి’ అని రాస్తే ఏది? నిజాం కాలపు కాగితాలైతే ఫసలీ సంవత్సరం ఉంటుంది. 1357 ఫసలీ అంటే 590 కలిపితే 1947. హైదరాబాదు సంస్థానంలో ఆ ఏడు అక్టోబరులో మొదలవుతుంది కాబట్టి పోలీసు చర్య జరిగిన 1948 సెప్టెంబరు కూడా దాంట్లోకే వస్తుంది. మూలంలో ఉన్న ఏడు అలాగే ఉంచి, పక్కన ఇంగ్లీషు సంవత్సరం ఇవ్వాలి. మార్చేసి మూలం మింగెయ్యకూడదు. ఇది చరిత్ర శాఖవారికి తెలుసు. తెలుగు శాఖల్లో ఒక పుటలో పట్టే పట్టిక ఇస్తే విద్యార్థి పంచాంగం వెతుక్కునే బాధ తప్పుతుంది.

సంస్థల పేర్ల మార్పు మీ ఒక్కరికే వచ్చిన ఇబ్బంది కాదు. ఆబిడ్స్ తిలక్ రోడ్డులో ఉన్న సారస్వత పరిషత్తు 1943లో నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తుగా మొదలై, ఆంధ్ర సారస్వత పరిషత్తయి, ఇప్పుడు తెలంగాణ సారస్వత పరిషత్తుగా ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీని రద్దు చేశాక ఆ పని మీ విశ్వవిద్యాలయంలో కలిసింది. పాత పుస్తకం మీద పాత పేరే ఉంటుంది. దాన్ని ఇప్పటి పేరుకి సవరించడం దేశభక్తి అనో, ప్రాంతాభిమానం అనో అనుకునేవాళ్ళు ఉన్నారు. గ్రంథాలయంలో పుస్తకం దొరకదు, అంతే దాని ఫలితం.

డీటీపీ సంగతి చెప్పకపోతే మా వాళ్ళు నన్ను క్షమించరు. పాదసూచికలు పుట అడుగున ఉండాలని పర్యవేక్షకులందరూ అంటారు. తెలుగు సిద్ధాంత గ్రంథాలు చాలా ఏళ్ళు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. పేజ్‌మేకర్‌లో పాదసూచికను దానంతట అదే పుట అడుగున నిలబెట్టే ఏర్పాటు లేదు. ఒక్కోటి చేత్తో పెట్టాలి. పర్యవేక్షకులు 40వ పుటలో నాలుగు వాక్యాలు కలపమంటే అక్కణ్ణించి చివరిదాకా పాదసూచికలన్నీ పక్క పుటల్లోకి జారతాయి. సమర్పించడానికి గడువు రెండు రోజులుంటుంది. అప్పుడేం చేస్తారు? అన్నీ ఎత్తి అధ్యాయం చివర పెడతారు. ఇంకోసారి మార్పులొస్తే సంఖ్యలు కలవవు. 17వ సూచిక 18వదానికి సమాధానం చెబుతుంది. ‘పైదే’ అని రాసినచోట పైనున్నది ఎవరో వేరే ఆయన అయిపోతాడు. పరిశోధకుడి అజాగ్రత్త అని మనం తిట్టుకునే తప్పుల్లో సగం ఈ సాఫ్ట్‌వేర్ పుణ్యం. యూనికోడ్‌లో, వర్డ్‌లోనో లిబ్రె ఆఫీసులోనో గ్రంథం రాయమంటే ఈ పీడ చాలావరకు వదులుతుంది. వాటిలో సూచిక వాక్యంతోపాటే కదులుతుంది. పాత ఫాంట్లలో చేసిన గ్రంథం, సిద్ధాంత గ్రంథాల్ని ఆన్‌లైన్‌లో ఉంచే శోధగంగలో పెట్టినా దాంట్లో ఒక మాట వెతకబోతే దొరకదు. తెరమీద తెలుగులా కనబడుతుంది, లోపల ఇంగ్లీషు అక్షరాల కిచిడీ ఉంటుంది.

గ్రంథచౌర్యాన్ని పట్టే యంత్రాల సంగతి కూడా దీంతో ముడిపడి ఉంది. యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 దాకా అయితే ఆరు నెలల లోపల సవరించి ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాది పాటు తిరిగి ఇవ్వడానికి వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. నిబంధనలు మంచివే. కానీ యంత్రం తన దగ్గరున్నదాంతోనే పోల్చి చూస్తుంది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికే 1960ల నాటి విమర్శ గ్రంథం దాని దగ్గర లేదు. ఉన్నా బొమ్మల రూపంలో స్కాన్ చేసి ఉంటుంది, చదవలేదు. అంచేత తెలుగులో సున్నా శాతం వచ్చిన నివేదిక విద్యార్థి నిజాయితీకి గుర్తు కానక్కర్లేదు. ఇంకో పక్క, పద్యాలు చక్కగా ఉటంకించి ఆధారం చూపించినవాడికి కొటేషన్ గుర్తులు సరిగ్గా పడలేదనో, పద్యం విడిగా అమర్చాడనో శాతం పెరిగి చెమటలు పట్టొచ్చు.

అదే నిబంధనల్లో ఒక వెసులుబాటు ఉంది. వరసగా 14 పదాల దాకా కలిసినా అది అందరికీ తెలిసిన సంగతి కిందో, కాకతాళీయం కిందో వదిలెయ్యాలి. ఇంగ్లీషులో 14 పదాలంటే ఒక మోస్తరు వాక్యం. తెలుగులో విభక్తులు, కాలం, ఎవరు చేశారన్నది కూడా మాటకే అతుక్కుని ఉంటాయి. చాలా కంద పద్యాల్లో మొత్తం మాటలు అటూఇటూగా 14 ఉంటాయి. ఒక పద్యం యావత్తు కాకతాళీయంగా కలిసిందని వదిలెయ్యాలా? తెలుగుకి ఈ సంఖ్య ఎంత ఉండాలో ఒక తెలుగు విశ్వవిద్యాలయం కూర్చుని తేల్చి యూజీసీకి రాస్తే వాళ్ళు వింటారో లేదో గాని, మనం అడిగామని అయినా ఉంటుంది.

యంత్రాల మాట ఎత్తాను కాబట్టి ఇంకొకటి. కంప్యూటర్ని అడిగి గ్రంథసూచి రాయించుకునే రోజులొచ్చాయి. అమెరికాలో 2023లో ఇద్దరు లాయర్లు లేని తీర్పుల్ని ఉన్నట్టు కోర్టుకి చూపించి 5,000 డాలర్ల జరిమానా కట్టారు. చాట్‌జీపీటీ అల్లిన తీర్పులవి. తెలుగులో ఆ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే మన పుస్తకాల పేర్లు ఒక మూసలో ఉంటాయి. ‘ఆంధ్ర వాఙ్మయ చరిత్ర: ఒక పరిశీలన’ అని ఏదైనా అల్లితే, అది లేదని బల్లగుద్ది చెప్పగలిగినవాడు ఉండడు. దీనికి మందు యంత్రం కాదు. మౌఖిక పరీక్ష రోజున పరీక్షకులు సూచిలోంచి తమకి తోచిన ఐదు పుస్తకాలు ఎంచుకుని, ‘వీటిలో మీరు వాడుకున్న పుటల జిరాక్సులు చూపించండి’ అని అడగాలి. ఇది ముందే ప్రకటించండి. ఏ సాఫ్ట్‌వేరూ చెయ్యనంత పని ఈ ఒక్క మాట చేస్తుంది.

ఇక మనుషుల్ని ఆధారాలుగా చూపే దగ్గర మనం చేస్తున్నది నాకు బాధగానే ఉంటుంది. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో జానపద గేయాల మీద పరిశోధన చేసిన 1950ల నుంచి మనకి క్షేత్రపర్యటన అలవాటు ఉంది. వరంగల్లులో మీ జానపద విజ్ఞాన పీఠం ఆ పనే చేస్తోంది. కానీ ఎన్నో గ్రంథాల్లో పాట కింద ‘ఒక వృద్ధురాలి నుండి సేకరించినది’ అని ఉంటుంది. అదే పుటలో ఆ పాట గురించి రెండు ముక్కలు రాసిన ఆచార్యుల వారి పేరు, పుస్తకం, ప్రచురణకర్త, పుట సంఖ్య అన్నీ ఉంటాయి. పాట ఎవరిదో ఆమె పేరు లేదు. ఒగ్గు కథ చెప్పినాయన, యక్షగానం కట్టినాయన, నాట్లేస్తూ పాడిన ఆడమనిషి, వీళ్ళ ఒప్పుదల అడిగి పేరు, ఊరు, ఏ రోజు, ఏ సందర్భంలో పాడారు అన్నది పుస్తకంతో సమానంగా సూచిలో చేర్చాలి. పేరు వద్దన్నవాళ్ళది వద్దన్నట్టే రాయాలి. వాళ్ళని అనుబంధంలో ‘వక్తలు’ అని చిన్న అక్షరాల్లో కుక్కడం కాదు, రచయితల వరసలోనే అకారాదిలో నిలబెట్టాలి. దీనికి అభ్యంతరం చెప్పేవాళ్ళుంటారు. చెప్పనివ్వండి.

నేను అడుగుతున్నది పెద్ద గ్రంథమేం కాదు. యాభై పుటలు దాటితే ఎవరూ చదవరు. నియమాలు తక్కువ, నమూనాలు ఎక్కువ ఉండాలి. ఇతిహాసానికొకటి, శతకానికొకటి, శాసనానికి, తాళపత్రానికి, పాత పత్రికకి, సినిమా పాటకి, అవధానంలో విన్న పద్యానికి, యూట్యూబులో విన్న ఉపన్యాసానికి ఎలా రాయాలో ఒక్కో నమూనా. ఎంఎల్‌ఏ, ఏపీఏ వాళ్ళు కొన్నేళ్ళకోసారి కొత్త కూర్పులు తెస్తుంటారు. ఏపీఏ ఏడోది 2019లో వచ్చింది, ఎంఎల్‌ఏ తొమ్మిదోది 2021లో. వాటి వెంట మనం పరిగెత్తనక్కర్లేదు, మనది కూడా పదేళ్ళకోసారి సవరించుకుంటే చాలు. ఉస్మానియా, కాకతీయ, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఆంధ్ర, శ్రీవేంకటేశ్వర, ద్రావిడ, మద్రాసు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్ని పిలిచి ఒక రోజు కూర్చోబెట్టండి. కామా పెట్టాలా, చుక్క పెట్టాలా అన్నదాని దగ్గర పొద్దు పోకుండా చూడండి, ఆ ప్రమాదం ఉంది. కామా ఎక్కడున్నా పుస్తకం దొరుకుతుంది. సంవత్సరం లేకపోతే దొరకదు.

ఆ సమావేశానికి ఇద్దరు గ్రంథాలయాధికారుల్నీ, ఇద్దరు డీటీపీ వాళ్ళనీ కూడా పిలవమని మనవి. సుల్తాన్‌బజార్‌లో ఉన్న, 1901లో మొదలైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయంలో పుస్తకాలు తీసిచ్చేవాళ్ళకి విద్యార్థులు ఎలాంటి చీటీలతో వస్తారో తెలుసు. ‘నీలం అట్ట పుస్తకం, చరిత్ర మీద’ అని అడిగేవాళ్ళు ఎక్కడి సూచి చూసి వచ్చారో కూడా వాళ్ళు చెప్పగలరు. పుస్తకం తయారయ్యాక అమ్మకానికి పెట్టేకంటే పీహెచ్‌డీలో చేరిన రోజునే విద్యార్థి చేతిలో పెట్టండి. ఒక కట్ట నాంపల్లి, కోఠీ, ఆబిడ్స్ డీటీపీ షాపుల్లో వదిలెయ్యండి. గడువుకి ముందు రాత్రి గ్రంథాన్ని నిలబెట్టేది వాళ్ళే.

తొలి ముసాయిదా మీ పరిశోధక విద్యార్థులచేతే రాయించండి. ఎక్కడ తికమక పడుతున్నారో వాళ్ళకి తెలిసినంతగా మనకి తెలియదు. ప్రూఫులు నాకు పంపండి, డబ్బులక్కర్లేదు. ‘ఆచార్య’లు మాత్రం కొట్టేస్తాను.

ఇట్లు,
నాంపల్లిలో ప్రూఫులు దిద్దే ఒకడు